గుడ్డ మేస్త్రికి అంతుచిక్కని పొగ

ఆయనకు గుడ్డ మేస్త్రి అన్న పేరు ఊరికే రాలేదు. కార్లకు సైలెన్సర్లు, వాటి గొట్టాలు అమర్చడం ఆయన పని. పని పూర్తయ్యాక ఇంజన్ స్టార్ట్ చేయించి, భుజాన ఉన్న గుడ్డను నీళ్లలో ముంచి ఉండచుట్టి, వెనక గొట్టం మూతికి అదిమి పట్టేవాడు. పొగ పోవడానికి ఇంకో దారి లేకపోతే ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. ఆగిపోయిందంటే ఎక్కడా లీకు లేనట్టే. అప్పుడు గుడ్డ పిండి మళ్లీ భుజాన వేసుకుని, "లీకు లేదు, తీసుకెళ్లండి" అనేవాడు. ఆ మాట అన్నాక తిరిగొచ్చిన బండి లేదని గొప్పగా చెప్పుకుంటాడు. అడక్కపోయినా చెప్తాడు.

పాత మోడల్ కార్లకు కంపెనీ సామాను దొరకదు. సైలెన్సర్ డబ్బా ఒకచోట, గొట్టం ఇంకోచోట, వాటిని బిగించే క్లాంపు మరెక్కడో కొనుక్కొచ్చి మూడింటినీ ఒకటి చేయాలి. అన్నిటి మీదా రెండంగుళాలనే రాసి ఉంటుంది. అయితే ఒకడు గొట్టం లోపలి కొలత చెప్తాడు, ఇంకొకడు బయటి కొలత చెప్తాడు. కొత్తగా పనిలోకి దిగినవాళ్లు ఆ అంకెలు నమ్మి గొట్టంలో గొట్టం దూర్చబోయి, దూరకపోతే సుత్తి అందుకుంటారు. మేస్త్రి అంకెలు చూడడు. మూతిలో వేలు పెట్టి ఒకసారి తిప్పుతాడు. చాలకపోతే దాన్ని కొద్దికొద్దిగా సాగదీస్తాడు. ఒకదానిమీదికి ఒకటి ఎక్కించి, సందులు మూసే పేస్టు పూసి, క్లాంపు బిగిస్తాడు. వెల్డింగ్ పెట్టడమంటే ఆయనకు నామోషీ. రేపు విప్పాల్సొస్తే కోసుకుంటావా అని వాదిస్తాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి.

అలాంటివాడికి, ఇంటి పేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నట్టు, పొగ వాసన వచ్చి వచ్చి సొంత కూతురి కారులోనే వచ్చింది.

కూతురు రెండు వీధుల అవతల కాపురం ఉంటుంది. కారు నడపడం నేర్పుతుంది. దగ్గరికొచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. ఒకరు స్టీరింగ్ పట్టుకుంటే పక్కన తను కూర్చుంటుంది, తర్వాతి వంతు మనిషి వెనకసీట్లో ఎదురుచూస్తుంది. కారు పాతది. వానలకు సైలెన్సర్ డబ్బా తుప్పుపట్టి ఊడిపోతే తండ్రే కొత్తది వేశాడు. కూతురి బండి కదా అని ముచ్చటపడి, మామూలు ఇనుప డబ్బా కాదని తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బా తెచ్చాడు. ముందునుంచి వచ్చే పాత ఇనుప గొట్టం మీదికి స్టీలు డబ్బా మూతి కొలిచి చేసినట్టు ఎక్కింది. గుడ్డ పెట్టగానే ఇంజన్ ఆగిపోయింది. మేస్త్రి ఆ పూటంతా హుషారుగా ఉన్నాడు.

కొన్నాళ్లకే కూతురు వచ్చి, కారులో పొగ వాసన వస్తోందని, వెనక కూర్చున్నవాళ్లకు తల తిరుగుతోందని చెప్పింది. ఇద్దరు నేర్చుకోవడం మానేశారట. తనకూ సాయంత్రానికి తల బద్దలైపోతోందట. మర్నాడు పొద్దున్నే మేస్త్రి క్లాంపు విప్పి చూశాడు. పేస్టు బాగానే ఉంది. మళ్లీ బిగించి గుడ్డ పెట్టాడు. ఇంజన్ ఆగిపోయింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పుంది, పొగుంది, అది బయటికొచ్చే సందే కనిపించడం లేదు. చివరికి, ముందు పోయే లారీల పొగ అయ్యుంటుందమ్మా, లీకు మాత్రం లేదు అన్నాడు. కూతురు సరేనంది. చిన్నప్పటినుంచీ ఆ మాట వింటూ పెరిగిన పిల్ల, దానికి ఎదురు చెప్పడం ఎరగదు.

కొద్దిరోజుల తర్వాత భోజనాల దగ్గర భార్య ఆయనకు వడ్డించి, ఎదురుగా కూర్చుంది. ఆవిడ అలా కూర్చుందంటే మాట కూర కోసం కాదని మేస్త్రికి తెలుసు.

"అమ్మాయి మీకు చెప్పొద్దంది. అయినా చెప్తున్నా. బండిలో తప్పులేదని మీరన్నారు కదా, అయితే తప్పు నా తలలోనే ఉందమ్మా అంటోంది. మర్చిపోతోందట, ఒక్కోసారి ఏ వీధిలో ఉందో కూడా తెలియడం లేదట. డాక్టరు తలకి స్కానింగ్ రాశాడు. అది లోపల్లోపల వణికిపోతోంది."

మేస్త్రి కలుపుతున్న ముద్ద కంచంలోనే వదిలేశాడు. లీకు లేదన్న మాట ఇన్నేళ్లలో ఎన్ని బండ్లకు చెప్పాడో ఆయనకే తెలియదు. అది ఇలా తిరిగి ఇంట్లో పిల్ల తల మీద పడుతుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. లీకు లేకపోతే జబ్బున్నట్టు. లీకుంటే జబ్బు లేనట్టు. ఆ లెక్క తేలగానే ఆయనకు తల తిరిగింది. పేరు గంగలో కలిసిపోయినా ఫర్వాలేదు, ఎక్కడో ఒకచోట లీకుంటే చాలు అనుకున్నాడు. అనుకుని, తను కోరుకుంటున్నదేమిటో తనకే అర్థంకాక చెయ్యి కడుక్కుని లేచాడు.

పొద్దున్నే కూతురి ఇంటికెళ్లి తాళాలు తీసుకుని, చల్లగా ఉన్న బండి స్టార్ట్ చేసి దాని కింద అట్ట పరుచుకుని పడుకున్నాడు. అతుకు అతుకుకీ సబ్బు నురగ పూశాడు. బుడగ లేవలేదు. గుడ్డ పెట్టాడు. ఇంజన్ ఈసారీ ఆగిపోయింది. ఇంజన్ ఆగినందుకు ఆయనకు ఏడుపు రావడం అదే మొదలు. కూతురు బయటికొచ్చి ఏమైనా దొరికిందా అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె మొహం చూడలేక, ఇవాళ నేనూ మీతో వస్తానన్నాడు.

కార్ల కింద పడుకున్నదే గానీ, కార్లలో కూర్చుని తిరిగింది ఆయన బతుకులో తక్కువ. వెనకసీట్లో ఒళ్లు దగ్గర పెట్టుకుని కొత్త పెళ్లికొడుకులా కూర్చున్నాడు. ఆరోజు నేర్చుకునే మనిషి ఒక దర్జీ ఆవిడ. మిషను తొక్కిన కాళ్లు కదా, ఏ పెడలు దొరికితే అది తొక్కేస్తోంది. బండి నాలుగడుగులు వెయ్యడం, ఉలిక్కిపడి ఆగడం. కూతురు గొంతు పెంచకుండా, ఫర్వాలేదు, క్లచ్ మెల్లగా వదలండి అని చెప్తూనే ఉంది. ఇంత ఓపిక దీనికెక్కడినుంచి వచ్చిందో అని మేస్త్రి ఆశ్చర్యపోయాడు. తననుంచి కాదని మాత్రం ఒప్పుకున్నాడు.

ముందు ఏ వాసనా లేదు. గోదాముల వెనక ఖాళీ స్థలానికి చేరాక వాన తుంపర మొదలైంది. అద్దాలెత్తేశారు. దర్జీ ఆవిడ రివర్సు నేర్చుకుంటూ బండిని ఒకేచోట ముందుకీ వెనక్కీ జరుపుతోంది. మేస్త్రికి మెల్లగా మగతగా, హాయిగా అనిపించింది. షెడ్డులో ఉన్నాననుకున్నాడు. చేతిలో పానా ఎందుకు లేదో తెలియలేదు. ఈ దర్జీ ఆవిడ షెడ్డులోకి ఎందుకొచ్చింది, ఎవరి కొలతలు తీసుకోవాలి? లోపలి కొలతా, బయటి కొలతా? తనేదో ముఖ్యమైన పని మీద వచ్చాడు. ఏమిటది? నాలుక చివర ఉంది, అందడం లేదు. కణతలు పోటు పెడుతున్నాయి.

కూతురు వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది.

"నాన్నా, కిటికీ దించు. నీకూ మొదలైంది."

ఏం మొదలైందో ఆయనకు తెలియలేదు. చెప్పింది చేశాడు. చల్లగాలి మొహానికి కొట్టింది. నీకూ అంది. నాకూ మొదలవడమేమిటి? దీని తలలో జబ్బు నా తలలోకి ఎలా వస్తుంది? ఆ ముక్క అర్థం కావడానికి ఆయనకు కాస్త సేపు పట్టింది. అర్థం కాగానే, ఇంజన్ ఆపొద్దని అరిచినంత పని చేసి, తలుపు తీసుకుని తడినేల మీదికి దిగాడు.

కాలుతున్న గొట్టం దగ్గర చెయ్యి పెట్టకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠం. అందుకే ఎవరి బండైనా చల్లారాకే ముట్టుకునేవాడు. పొద్దున్నే చల్లటి బండి, కాసేపు ఇంజన్, గుడ్డ, అంతటితో సరి. వేడెక్కిన బండికి ఆయన ఎన్నడూ గుడ్డ పెట్టలేదు. ఇప్పుడు భుజాన ఉన్న గుడ్డను తడిపి కూతురి చేతికిచ్చి, వెనక గొట్టానికి గట్టిగా పట్టుకోమన్నాడు. తను బండి కిందికి పాకి, స్టీలు డబ్బా మూతి దగ్గర అరచెయ్యి పెట్టాడు.

ఇంజన్ ఆగలేదు. కూతురు గుడ్డ అదిమేకొద్దీ వేడి పొగ ఆయన అరచేతిలోకి బుసకొట్టింది. చెయ్యి చుర్రుమంది. ఆయన తీయలేదు.

అప్పుడు తలకెక్కింది. ఇన్నాళ్లూ ఆయన కలిపినవి ఇనుమూ ఇనుమూ. వేడికి రెండూ సమానంగా ఉబ్బేవి, బిగువు బిగువుగానే ఉండేది. స్టీలు ఇనుముకన్నా ఎక్కువ ఉబ్బుతుంది. బండి వేడెక్కేకొద్దీ పైనున్న స్టీలు మూతి లోపలి ఇనుప గొట్టాన్ని వదిలేసి ఎడంగా జరిగేది. చల్లారగానే ఏమీ ఎరగనట్టు మళ్లీ కరుచుకునేది. ఆ సందులోంచి వచ్చే పొగ వెనకసీటు కింద వైర్లు పోయే రంధ్రంలోంచి లోపలికెక్కేది. జోరుగా పోతే గాలికి కొట్టుకుపోయేదేమో గానీ, నేర్చుకునేవాళ్ల బండి జోరుగా ఎక్కడ పోతుంది?

దర్జీ ఆవిడ భయపడి ఇంజన్ ఆపేసింది. కూతురు గుడ్డ వదిలేసి, తడిలోనే మోకాళ్ల మీద కూర్చుని బండి కిందికి వంగింది. ఆయన మొహంలోకి చూసింది.

"ఉందమ్మా," అన్నాడు మేస్త్రి. "లీకుంది. పెద్దదే ఉంది."

ఆమె నేలమీద చతికిలబడి, రెండు చేతులతో తల పట్టుకుంది.

"అయితే నాన్నా, నా తలలో ఏమీ లేదన్నమాట."

మేస్త్రి బండి కిందినుంచి వెంటనే బయటికి రాలేదు.