తిరిగొచ్చి చెప్పాలి

మా ట్రావెల్ ఆఫీసులో అందరం అక్కా అని పిలిచే ఆవిడ పక్క కుర్చీ నాది. ఆవిడ ఇరవై రెండేళ్ళుగా జనాన్ని విదేశాలకు పంపుతోంది గానీ, తను మాత్రం విమానం మెట్టు ఎక్కి ఎరగదు. అయినా ఆవిడకు తెలియనిది లేదు. ఎవరి విమానంలో మోకాళ్ళు ముందు సీటుకు తగులుతాయో, ఏ ఎయిర్‌పోర్టు బెంచీ మీద ముసలివాళ్ళు నడుం వాల్చొచ్చో, అన్నీ అట్ట చిరిగిన ఒక నోట్‌బుక్కులో ఉండేవి. విమాన కంపెనీలకు తోక రంగును బట్టి పేర్లు పెట్టింది. ఎర్రతోక వాళ్ళు కడుపునిండా పెడతారు, పచ్చతోక వాళ్ళు మంచినీళ్ళిచ్చినా డబ్బులకు చెయ్యి చాపుతారు.

ఇదంతా కంప్యూటర్లో చూసి రాసింది కాదు. టికెట్ చేతికిచ్చేటప్పుడు ఒకటే షరతు పెట్టేది, తిరిగొచ్చి చెప్పాలని. జనం నిజంగానే వచ్చి గంటలకొద్దీ ప్రయాణం కబుర్లు చెప్పేవారు. ఈవిడ రాసుకుంటూ కూర్చుంటే పని మా తాతయ్య చేస్తాడా అని నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి ఊపిరితిత్తులు పాడైన భర్తను వెంటబెట్టుకుని ఒకావిడ వచ్చింది. ఆక్సిజన్ మీదున్న మనిషిని డాక్టరు కాగితం లేకుండా ఎవరూ ఎక్కించుకోరు. డాక్టరేమో ఇవ్వనన్నాడట. పచ్చతోక వాళ్ళు అదేమీ అడగరని అక్క నోట్‌బుక్కు చూసి చెప్పింది. నెల తర్వాత ఆవిడ ఒక్కతే వచ్చింది. ఎనిమిది గంటల ప్రయాణంలో నాలుగో గంటకే ఆయన పోయాడు. మిగతా నాలుగు గంటలూ దుప్పటి కప్పి పక్క సీట్లోనే ఉంచారట. "తిరిగొచ్చి చెప్పమన్నారుగా" అని లేచి వెళ్ళిపోయింది. అక్క ఆ మాటలన్నీ పచ్చతోక పేజీలో రాసింది. రాసి, తర్వాతి టికెట్ పని చూసుకుంది. నాకు అది చూసే భయం వేసింది.

అక్క భర్తను నేను బావగారనేదాన్ని. రాళ్ళు కోసే మిల్లులో ముప్ఫై ఏళ్ళు దుమ్ము మింగిన మనిషి. సాయంత్రాలు అక్కను తీసుకెళ్ళడానికి వచ్చి మా సోఫాలో కూర్చునేవారు. ఎదురుగా గోడ మీద ఒక దీవి బొమ్మ, నీళ్ళ మీద కొయ్య గుడిసె. ఎప్పటికైనా ఆ గుడిసె మెట్ల మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంటానని నాతో అనేవారు. చివరికి ఆ దుమ్ము ఆయన్నీ ఆక్సిజన్ మిషన్‌కు కట్టిపడేసింది. డాక్టరు రెండు మూడు నెలలన్నాడు, విమానం మాటెత్తొద్దన్నాడు. బావగారు మాత్రం దీవికి వెళ్ళాల్సిందేనని మొండికేశారు.

అక్క నెల రోజులు ఫోన్ వదల్లేదు. పచ్చతోక వాళ్ళకు మాత్రం చెయ్యలేదు, మిగతా ప్రతివాళ్ళూ కాగితమే అడిగారు. ఆఖరికి బావగారే మిషన్ లాక్కుంటూ ఆఫీసుకొచ్చారు. పచ్చతోక సంగతి ఆయనకూ తెలుసు.

"ఊరందర్నీ పంపావు. నన్నొక్కణ్ణే ఆపుతున్నావు," అన్నారు.

"వాళ్ళు నాకేమీ కారు," అంది అక్క.

ఆ దుప్పటి కప్పిన మనిషి కూడా ఈవిడకేమీ కాడన్నమాట. నేనైతే బావగారిని పంపేదాన్ని. ఆ మాట అక్క మొహం మీదే అన్నాను. ఆవిడ నోట్‌బుక్కు మూసి సొరుగులో పెట్టి తాళం వేసింది.

ఆ రోజు నుంచి బావగారు అక్కతో మాట్లాడలేదు. నేను చూడ్డానికి వెళ్తే మంచినీళ్ళు నన్నడిగేవారు, పక్కనే గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఆవిడను కాదు. అలాగే ఒక మధ్యాహ్నం గోడవైపు తిరిగి పోయారు.

అక్క మళ్ళీ పనిలోకి వచ్చింది. మొన్న ఒక పెద్దాయన వచ్చి సోఫాలో కూర్చున్నాడు. భార్య ఆక్సిజన్ మీద ఉందట, ఒక్కసారి సముద్రం చూడాలంటోందట, డాక్టరు ఒప్పుకోవడం లేదట. కాగితం అడగని విమానమేదైనా ఉందా అని అడిగాడు.

అక్క తాళం తీసింది. ఆ నోట్‌బుక్కు ఎవరికీ చూపించని మనిషి, పచ్చతోక పేజీ తీసి ఆయనవైపు తిప్పింది. దుప్పటి మాటల కింద కొత్తగా ఒక వాక్యం కనిపించింది. "ఇంట్లోనే పోయారు, యాభై మూడు రోజులు నాతో మాట్లాడలేదు."

పెద్దాయన రెండూ చదివాడు.

"ఇంతకీ నన్నేం చెయ్యమంటావమ్మా?"

"నాకు తెలీదండి," అంది అక్క.

ఇరవై రెండేళ్ళలో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదలు. పెద్దాయన లేవలేదు. గోడ మీది దీవి వంక చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.