సారీ చెప్పే డాక్టరు కూతురు

మోకీలు మార్చే ఆపరేషన్ కోసం ఈమధ్య నాన్నను జూబ్లీహిల్స్‌లో ఒక ఆసుపత్రిలో చేర్చాం. వరండాలో కూర్చుని ఉంటే, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లకోట్ల దొంతర ఒకటి తోపుడుబండి మీద నా పక్కనుంచే వెళ్లింది. ఆసుపత్రి అంటే అందరికీ మందుల వాసనో ఫినాయిల్ వాసనో గుర్తొస్తుంది గానీ, నాకు మాత్రం వేడి ఇంకా ఆరని ఆ మందపాటి బట్ట వాసన తగలగానే ఫిల్మ్‌నగర్ గుట్ట మీది మా అద్దె ఇల్లు, గంజి గిన్నె, దండెం మీద చేతులు చాపుకుని ఆరే నాన్న డాక్టరు కోటు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. మా నాన్న డాక్టరు కాదు లెండి. సినిమాల్లో డాక్టరు.

తెనాలి దగ్గర పల్లె నుంచి హీరో అవుదామని రైలెక్కిన మనిషి, పెళ్లి సీన్లలో వెనక వరుసలో అక్షింతలు వేసీ వేసీ, చివరికి ఒక్క వేషంలో కుదురుకున్నాడు. పొడుగు మొహం, చెవుల దగ్గర కాస్త నెరిసిన జుట్టు, దానికి తోడు సొంత తెల్లకోటు, సొంత స్టెతస్కోపు. డాక్టరు కావాలంటే ఏజెంట్లు ఈయనకే కబురు పెట్టేవాళ్లు. ఎప్పుడూ ఒకటే సీను. ఆపరేషన్ థియేటర్ తలుపులు తెరుచుకుంటాయి, నాన్న బయటికొస్తాడు, మెల్లగా కళ్లజోడు తీస్తాడు, నేల చూస్తాడు, "సారీ" అంటాడు. అంతే, ఆ తర్వాత ఏడుపులు వాళ్లవి, భోజనం పొట్లం ఈయనది. ఆ ఒక్క సీనుకే ఇంట్లో అద్దం ముందు ఎంత సాధన చేసేవాడో! "అసలు సంగతంతా కళ్లజోడులోనే ఉందమ్మా, అది తీశామంటే ఇంక మాటతో పన్లేదు, హాల్లో ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకుంటారు" అని నాకు పాఠం చెప్పేవాడు. నాన్న వేషం కట్టిన సినిమాల్లో పేషెంటు బతికి బట్టకట్టిన దాఖలా ఒక్కటీ లేదు.

మా గుట్ట అప్పట్లో సగం ఇళ్లు, సగం బండలు. ఏనుగంత బండల మధ్య దాగుడుమూతలు ఆడి, జారుడుబల్లలా నున్నగా ఉన్న ఒక బండ మీద గౌన్లు చిరిగేదాకా జారి, కింద రోడ్డు మీద షూటింగు వ్యాను కనబడితే హీరో ఉన్నాడేమోనని ఈల వేసుకుంటూ పరిగెత్తి, తీరా చూస్తే అందులో లైట్లూ తాళ్లూ తప్ప ఏమీ లేక తిట్టుకుంటూ మళ్లీ ఎక్కేవాళ్లం. వానలు వెళ్లే రోజుల్లో తంగేడు పూసేది, సీతాఫలాల గంపలొచ్చేవి. మా ఇంటి ఓనరు యాదమ్మత్త బతుకమ్మ పేర్చి, రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి, ఆడినవాళ్లకీ ఆడనివాళ్లకీ చేతుల్లో పెట్టేది. నాన్నను నిజం డాక్టరనే అనుకునేదో, అనుకోవడం ఆమెకు సరదానో ఇప్పటికీ తెలియదు. "డాక్టర్‌సాబ్, జర తలకాయ నొస్తుంది, ఏం గోలి ఏసుకోవాలె?" అని అడిగేది. నాన్న కూడా తక్కువ తిన్నాడా, నాడి పట్టుకుని మరీ చెప్పేవాడు.

అలాంటి ఒక ఏడాది, దీపావళి ముందురోజు తెల్లవారుజామున అమ్మ నాకు నువ్వులనూనె పట్టించి నలుగు పెడుతోంది. చలికి నేను వణుకుతుంటే, పొయ్యి మీద కాగులో నీళ్లు సలసలమంటుంటే, శనగపిండి రుద్దుతున్న అమ్మ చెయ్యి నా కుడి మోకాలికి కాస్త పైన, లోపలివైపు, టక్కున ఆగిపోయింది.

"ఏంటే ఇది? ఇంత గట్టిగా ఉందేంటి? ఎక్కడ పడ్డావు?"

పడలేదన్నాను. నొప్పీ లేదన్నాను. ఉసిరికాయంత ఉండేది, నొక్కితే కదిలేది కాదు. అమ్మ నాన్నను లేపుకొచ్చింది. ఆయన వేళ్లతో తట్టి, గంభీరంగా మొహం పెట్టి, "దెబ్బ తగిలి ఎముక ఉబ్బుంటుంది, వేడి ఆవదం పట్టేయండి, అదే పోతుంది" అని తేల్చేశాడు. "డాక్టర్‌సాబ్ చెప్పిండుగా, ఫికర్ జెయ్యకు" అని యాదమ్మత్త వంత పాడింది. ఆ చలికాలమంతా ఒంటికి ఆవదం కంపు పట్టించుకుని బడికి వెళ్లాను. పక్కన ఎవరైనా కూర్చుంటే ఒట్టు!

అది పోలేదు సరికదా, నాతోపాటు పెరిగింది. ఎండాకాలం వచ్చేసరికి గొంతుక్కూర్చుని లేస్తే మోకాలి దగ్గర నరమేదో దాని మీంచి జారి టక్కుమనేది. తొక్కుడుబిళ్లలో కుంటితే కళ్లలో నీళ్లు తిరిగేవి. నేను కుంటుతూ గుట్ట ఎక్కుతుంటే ఒకరోజు నాన్న వెనకనుంచి చూశాడు. ఆ సాయంత్రమే చొక్కా మార్చుకుని, నన్ను ఎత్తుకుని, అమ్మను వెంటబెట్టుకుని, శ్రీనగర్ కాలనీలో ఉన్న ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆ పెద్దాయన ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకి పెట్టి చూపించాడు. తొడ ఎముక కింది చివర పక్కకి ఇంకో ఎముక, మొలకెత్తినట్టు. దాని నెత్తిన మెత్తటి ఎముక టోపీ ఉంటుందట. "ఇలాంటి గడ్డలు చాలావరకు హాని చేయవు. కానీ పాప పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతోంది, నరాన్ని నొక్కకముందే ఆపరేషన్ చేసి తీసేద్దాం. తీసింది పరీక్షకు పంపితే గానీ నేను ఖాయంగా చెప్పలేను" అన్నాడు. నాన్న చెవికి ఆ ఆఖరి మాట ఒక్కటే ఎక్కింది. అమ్మ చెవికి అంతకంటే చిన్న మాట, "గడ్డ", అదొక్కటే ఎక్కింది.

ఆ రోజునుంచి మా ఇంట్లో ఆ మాట నిషేధం. మేం కూరలు కొనేది ఎర్రగడ్డ బజారులో, అమ్మ ఆ పేరు కూడా పలక్కుండా "ఆ బజారు" అనేది. యాదమ్మత్తకు అది వింతగా ఉండేది. "గడ్డంటే గంత భయమేందమ్మా? ఉల్లిగడ్డ తింటలేమా, ఆలుగడ్డ తింటలేమా? బిడ్డ కాలుకో గడ్డ మొలిచింది, పీకేస్తరు, అయిపాయె!" అని చేతులు తిప్పింది. అమ్మ ఏడుస్తూ ఏడుస్తూనే ఫక్కున నవ్వేసింది. కానీ ఆ పూట అమ్మ వంటింట్లో నాన్నను అడగడం నేను విన్నాను. "దాని కాలు ఉంటుందా అండీ?" నాన్న చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. సినిమాల్లో అంతమందికి జవాబు చెప్పిన మనిషి!

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం, ఆసుపత్రి మంచం మీద, నాన్న నాకు బ్రెడ్డు పాలలో ముంచి పెడుతుంటే అడిగేశాను.

"నాన్నా, రేపు నువ్వు ఆ తలుపు దగ్గర ఉండొద్దు."

"ఎందుకమ్మా?"

"నువ్వున్న తలుపులోంచి ఎవరూ బతికి రాలేదు."

"ఛీ, అవేం మాటలే!" అని అమ్మ నా నెత్తిన మొట్టింది. నాన్న మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. మిగిలిన బ్రెడ్డు ముక్క నోట్లో పెట్టి, మూతి తుడిచి, "సరే తల్లీ, గేటు అవతలే ఉంటాను, ఒట్టు" అన్నాడు. నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

మర్నాడు ఏం జరిగిందో నేను చూడలేదు, మత్తులో ఉన్నాను. కానీ అమ్మకు తోడుగా వచ్చిన యాదమ్మత్త ఆ తర్వాత ప్రతి పండక్కీ అందరి వేషాలూ తానే కట్టి ఆడి చూపించేది కాబట్టి, చూసినట్టే ఉంటుంది. జల్లు పడి వెలిసిన పూట. ఉక్క. నాన్న అన్న మాట ప్రకారం గేటు దాటి లోపలికి అడుగు పెట్టలేదు. టీ బండి పక్కన, బురదలో, ఆపరేషన్ గది కిటికీవైపే చూస్తూ నిలబడ్డాడు. కూర్చోమని టీ బండాయన స్టూలు ఇచ్చినా కూర్చోలేదట. లోపల పెద్ద డాక్టరు పని ముగించి, అమ్మకు చెప్పాల్సింది చెప్పి, తండ్రి ఏడని అడిగాడు. అమ్మ సిగ్గుపడుతూనే సంగతి చెప్పింది. "అలాగా! అయితే నేనే వెళ్లి చెప్తాను" అని ఆయన నవ్వుకుంటూ మెట్లు దిగి, వాకిలి దాటి గేటు దగ్గరికొచ్చాడు. వస్తూ వస్తూ కళ్లజోడు తీశాడు. పంచె అంచుతో తుడుచుకోబోయినట్టు నేలవైపు తల వంచాడు. ఆయన వేసుకుంది ప్యాంటే గానీ యాదమ్మత్త నాటకంలో పంచే.

నాన్న చూశాడు. చేతులు రెండూ గాల్లో ఉండగానే బురదలో కూలబడిపోయాడు.

"ఏమయ్యా! లే, లే! పాప శుభ్రంగా ఉంది. మొత్తం తీసేశాం. కాలికేం ఢోకా లేదు."

నాన్న లేవలేదు. కింద కూర్చునే అడిగాడట: "మరి కళ్లజోడు ఎందుకు తీశారండీ?"

"చల్లటి గదిలోంచి ఈ ఉక్కలోకి వచ్చానయ్యా, ఆవిరి పట్టి నువ్వు కనబడితేనా!"

"గంతే! డాక్టర్‌సాబ్ గాడ్నే కూసొని చిన్నపోరని లెక్క ఏడ్సిండు" అని యాదమ్మత్త కథ ముగించేది. నాన్న సిగ్గుపడి బయటికి వెళ్లిపోయేవాడు.

పరీక్ష ఫలితం కూడా మంచిదే వచ్చింది, అది ఉత్త ఎముకే. చంకకర్రలతో నేను గుట్ట ఎక్కలేకపోతే నాన్న వీపున మోసేవాడు. చంకకర్రలు వదిలేశాక చెయ్యి పట్టుకుని, కాలు కదిపిన ప్రతిసారీ నా మొహం చూసుకుంటూ నడిపించేవాడు. ఆ తర్వాత వచ్చిన మొదటి షూటింగులో తలుపులు తెరుచుకున్నాయి, నాన్న బయటికొచ్చాడు, కళ్లజోడు తీశాడు, గ్లిజరిన్ పెట్టుకుని ఏడవడానికి సిద్ధంగా ఉన్న తల్లి పాత్రను చూసి, "పాపకేం కాలేదమ్మా, లేవండి" అనేశాడు. డైరెక్టరు తిట్టిన తిట్లు ఇంటికొచ్చి చెబుతూ తనే పడీపడీ నవ్వాడు. ఎన్ని టేకులు తిన్నా ఆ "సారీ" మళ్లీ సరిగా రాలేదట. మెల్లగా ఆ వేషాలు పోయి, కోర్టు సీన్లలో జడ్జిగా కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ గుట్ట లేదు. మేం జారిన బండను పేల్చి ఎవరో మేడ కట్టారు, యాదమ్మత్త ఇంటి చోట అపార్టుమెంటు లేచింది, ఆమె పోయి చాలా ఏళ్లయింది. సినిమాల్లో ఆ తలుపు సీనే కనబడదు, కుర్రకారుకి చెబితే నవ్వుతారు. నా మోకాలి పైన సన్నటి గీత మాత్రం ఉంది, వెతికితే గానీ దొరకదు. ఆ కాలితోనే రోజంతా క్లాసులో నిలబడి పాఠాలు చెబుతాను.

నాన్న ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడే లేపి నిలబెట్టాలన్నారు. ఫిజియోథెరపీ అమ్మాయి వాకర్ ముందు పెట్టి, ఒకవైపు తను పట్టుకుని, ఇంకోవైపు నన్ను పట్టుకోమంది. నాన్న లేచాడు. నుదుటి మీద చెమటలు పోశాయి, పళ్లు బిగించాడు, పిడికిళ్లు తెల్లబడ్డాయి. "అంకుల్, కిందికి చూడొద్దు, ఎదురుగా చూడండి, అడుగెయ్యండి" అని ఆ అమ్మాయి ఎంత చెప్పినా వినడం లేదు, కిందికే చూస్తున్నాడు. భయపడుతున్నాడేమో అనుకుని నేనూ కిందికి చూశాను. ఆయన చూస్తున్నది తన కాలు కాదు.

"పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు," అన్నాడు ఆయాసపడుతూ. "కాలు నొప్పెట్టట్లేదా తల్లీ?"

"లేదు నాన్నా" అన్నాను.

అప్పుడు అడుగేశాడు.