ఖాళీగా మిగిలిన చిల్లు

మా ఆయన భయస్థుడు. ఈ మాట నేను చాటుగా చెప్పడం లేదు, ఆయన ముందే వెయ్యిసార్లు అన్నాను. వీధి తలుపు గడియ వేసి పడుకున్నాక, వేశానో లేదో అని మంచం దిగి మళ్లీ చూసొచ్చే మనిషి. బల్బు మార్చాలంటే ఇల్లంతా కరెంటు ఆపాల్సిందే. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేయడం! నిజానికి ఆ భయమే మాకు అన్నం పెట్టింది. ఇన్నేళ్లలో ఆయన చేతుల్లో ఒక్క యంత్రమూ పాడవలేదు.

ఆఫీసులో మూలన పడేసిన కంప్యూటర్ ఒకటి మా అమ్మాయి కోసం అడిగి తెచ్చారు. లెక్కలు రాసుకోవడానికి సరిపోయే డబ్బా అది. మా అమ్మాయికి కావలసింది ఆటలు. దానికోసం తను తెచ్చుకున్న గ్రాఫిక్స్ కార్డు జానెడు కంటే పొడవుంది, ఆ ఇరుకు డబ్బాలో పట్టదు. అందుకని అద్దం తలుపున్న పెద్ద డబ్బా, కొత్త క్యాబినెట్ కూడా కొనుక్కుంది. పాతదాని లోపలి సామానంతా కొత్తదాంట్లోకి మార్చాలి, అంతే. "నాన్నకిది చిటికెలో పని" అని స్నేహితులకు చెప్పేసింది కూడా. సాయంత్రం అందరూ కలిసి ఆడతారట.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద పని మొదలైంది. ఆయన పద్ధతి ఆయనది. అట్టముక్క మీద కంప్యూటర్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడ విప్పితే బొమ్మలో అక్కడే గుచ్చుతారు. మళ్లీ బిగించేటప్పుడు ఒక్కొక్కటే పీకి వాడతారు. అట్ట ఖాళీ అయితే పని అయిపోయినట్టు.

విప్పడం ఎలాగో అయింది. బిగించేటప్పుడే నాకేదో తేడాగా అనిపించింది. స్క్రూడ్రైవర్ మొన స్క్రూ తల మీద నిలవడం లేదు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని తిప్పుతున్నారు.

"ఏంటండీ, అదేమన్నా బాంబా? కాస్త ధైర్యంగా తిప్పండి" అన్నాను వంటింటి గుమ్మంలోంచి. మామూలుగా అయితే నవ్వేవారు. నవ్వలేదు. నుదుటి నిండా చెమట.

ఇంతలో టిక్కుమని చిన్న చప్పుడు. ఆయన బల్ల కింద వెతికారు, కుర్చీ కింద వెతికారు, చొక్కా దులుపుకున్నారు. మిగతావన్నీ బిగించాక అట్ట ఖాళీ అయింది. భాగాలన్నీ అమరే పెద్ద బోర్డులో ఒక మూల స్క్రూ చిల్లు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.

అమ్మాయి ఇదేం గమనించలేదు. వైర్లు తగిలించి అద్దం తలుపు మూసింది. "అయిపోయింది కదా నాన్నా, ఆన్ చేస్తున్నా."

"వద్దు!"

ఆయన అంత గట్టిగా అరవగలరని నాకు ఆ రోజే తెలిసింది. "ఒక స్క్రూ కనపడట్లేదమ్మా. బోర్డు కిందికి దొర్లిందేమో. ఆన్ చేస్తే మాడిపోతుంది."

"నీకన్నీ భయాలే నాన్నా! నేల మీదే ఎక్కడో పడుంటుంది" అంటూ అమ్మాయి మీట మీద చెయ్యి వేయబోయింది. ఆయన గోడ దగ్గర వైరు లాగేశారు.

"అయితే నువ్వే మళ్లీ విప్పి చూడు" అంది విసురుగా.

ఆయన చేతిలోని వైరు వదిలేశారు. తర్వాత రెండు చేతులూ బల్ల మీద మా ముందు పెట్టారు. కుడిచేతి వేళ్లు వణుకుతున్నాయి. ఆపాలని చూసేకొద్దీ వణుకు ఇంకా ఎక్కువైంది.

"నా వల్ల కాదమ్మా. కొన్ని నెలల్నుంచి ఇలాగే ఉంది."

టీ సగం గ్లాసే పొయ్యమనడం, గది తలుపేసుకుని చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చాదస్తం అనుకున్నాను. నాకింత భయం మా అమ్మ పోయినప్పుడు కూడా వేయలేదు.

అమ్మాయి అద్దం తలుపు తీసి, వైర్లూ కార్డూ ఊడదీసి స్క్రూడ్రైవర్ అందుకుంది. ఆయన చేతులు చంకల్లో ఇరికించుకుని పక్కన నిలబడి చెప్పసాగారు. "ఒకేసారి పూర్తిగా విప్పకు. ఎదురెదురు మూలల్లోవి కొంచెం కొంచెం వదులు చెయ్యి. ఆఁ, ఇప్పుడు అంచులు పట్టుకుని ఎత్తు."

బోర్డు లేచింది. కింద ఇనప రేకు మీద నల్లటి చిన్న స్క్రూ. అమ్మాయి దాన్ని అరచేతిలో పెట్టుకుని చూపించింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

మళ్లీ అన్నీ తనే బిగించింది, ఆయన చెప్పినట్టే. మీట నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలిగింది. స్నేహితుల దగ్గర్నుంచి ఫోన్ వస్తున్నా అమ్మాయి ఎత్తలేదు. తండ్రినే చూస్తోంది. ఆయన తెర వైపు చూడనే లేదు.

"రేపు ఆఫీసులో మెయిన్ కంప్యూటర్ విప్పాలి" అన్నారు నాతో, చిన్న గొంతుతో. "అందరి పనీ అందులోనే ఉంది."

"సెలవు పెట్టండి" అన్నాను.

"ఎన్నాళ్లని పెట్టను?" అన్నారు.