మాస్టారి నంబరు

టైరు దుకాణం పైన రెండు గదులు. ఒకదాంట్లో నేను టైపింగ్ నేర్పేవాణ్ణి, పక్కదాంట్లో మాస్టారు మొబైల్ యాప్‌ల తయారీ నేర్పేవారు. పన్నెండు కంప్యూటర్లు, అందులో రెండు అలంకారానికి. చూసి నేర్చుకుంటామంటే ఆయనకు ఒళ్ళుమంట. తెర మీద ఆయన ఒక్కో వరుసా కొడుతుంటే వెనకాలే అందరూ కొట్టాలి. మెసేజ్ పంపే పాఠంలో అందరిచేతా తన నంబరే, "త్వరగా రా" అన్న మాటే కొట్టించేవారు. ఎవరిది పనిచేసిందో జేబే చెబుతుందని.

ఆ బ్యాచ్‌లో కుట్టు ఫ్యాక్టరీ మూతపడి వచ్చిన దర్జీ అక్క ఉండేది. ఇంట్లో పక్షవాతం తల్లి ఒంటరిగా ఉంటుంది. అక్క యాప్‌లో ఒకటే బటను, అరచేతంత. అమ్మ నొక్కితే కూతురికి మెసేజ్ రావాలి. ఆ ధైర్యంతోనే క్లాసుకు వచ్చేది.

"బటనేంటమ్మా, పళ్ళెమంత పెట్టావు?"

"మా అమ్మకి నేనే సరిగ్గా కనబడను సార్, ఇంక బటనేం కనబడుతుంది!"

అక్క కంప్యూటర్లో మాస్టారి నంబరు తీసేసి తనది పెట్టింది. అమ్మ ఫోన్లో ఎక్కించింది మాత్రం ముందురోజు తయారుచేసిన పాత యాప్. కొత్తవాళ్ళు చేసే తప్పే. మాస్టారు ఒకసారి చూడాల్సింది, చూడలేదు.

మంగళవారం పదిన్నరకు ఆయన జేబు వరసగా గుర్రుమంది.

"ఎవరండీ బాబూ, నన్నింత త్వరగా రమ్మంటున్నారు? మా ఆవిడ వింటే బతకనివ్వదు!"

అందరూ ఘొల్లుమన్నారు. దర్జీ అక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. గుమ్మంలోంచి నేనూ ఓ రాయి వేశాను: "వెళ్ళండి మాస్టారూ, పిలిచే దిక్కున్నప్పుడే వెళ్ళాలి." ఆయన ఫోన్ నోరు నొక్కేశారు.

ఒంటిగంటకు అక్క ఇంటికెళ్ళేసరికి తల్లి బాత్రూమ్ గడప మీద పడి ఉంది. ప్రాణం లేదు.

ఆ సాయంత్రమే మాస్టారు నాకు మెసేజ్‌లు చూపించారు, అన్నీ ఆ తల్లి ఫోన్ నుంచి వచ్చినవే. "తీసేయండి, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అన్నాను. ఆయన తీసేయలేదు.

పన్నెండో రోజు అక్క వచ్చింది. "మీ ఫోన్ ఒకసారి ఇస్తారా సార్?"

ఇచ్చారు. వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోయింది. పద్నాలుగు.

"చివరిది పదకొండూ నలభైకి. అప్పుడు మనం టీ తాగుతున్నాం సార్."

"తప్పు నాదమ్మా."

అక్క కాదనలేదు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. తిరిగిమ్మని అడిగే ధైర్యం మా ఎవరికీ లేకపోయింది.