సంజీవరావు గారి నెట్ సెంటర్

లాగౌట్ చేయకుండా వదిలేసిన మెయిలు కనిపిస్తే సంజీవరావు గారికి ఒళ్ళు మండేది. ముప్పై రెండేళ్ళు పోస్టాఫీసులో పనిచేసి, పరుల కార్డు ముక్క ఒక్కటీ చదవని మనిషి. రిటైరయ్యాక తెనాలిలో నాలుగు కంప్యూటర్లతో నెట్ సెంటర్ పెట్టారు. పక్కనే నాది జిరాక్సు కొట్టు.

ఎవరైనా పాస్‌వర్డ్ కొడుతుంటే ఆయన గోడవైపు తిరిగి నిలబడేవారు. మెయిలు మూయకుండా లేచినవాళ్ళ వెంట చెప్పుల్లేకుండా పరుగెత్తేవారు. ఒకసారి అలా మూయకుండా పోయి రేపల్లె బస్సెక్కి కూర్చున్న ప్రభుదాసు అనే ఆయన్ని కిందికి దింపారు.

"బస్సు వెళ్ళిపోతుందండీ!"

"ఇంకో బస్సు వస్తుంది. మీ ఉత్తరాలు ఎవడో చదివేశాక వెనక్కొస్తాయా?"

నేను నా పేరే పాస్‌వర్డుగా పెట్టుకున్నానని నోరుజారాను.

"నీ పేరు కొట్టు బోర్డు మీదే ఉందిగా! ఇంకోటి పెట్టు. గుర్తుండకపోతే కాగితం మీద రాసి బీరువాలో దాచుకో. నాకు మాత్రం చెప్పకు."

2006 జూలైలో అంగలకుదురు నుంచి వైదేహి అనే టీచరమ్మ వచ్చేది. ఎంతసేపైనా ఆగి మూడో కంప్యూటరు దగ్గరే కూర్చునేది. ఎందుకో ఒకరోజు తెలిసింది.

"బాబాయ్ గారూ, నా మెయిలు తెరుచుకోవట్లేదేంటి?"

"నిన్న తెరిచి వెళ్ళిపోయావమ్మా. నేనే లాగౌట్ చేశాను."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. ఎప్పుడో ఒకసారి పాస్‌వర్డ్ కొట్టిందట. రోజూ విండో మాత్రం మూసి వెళ్ళేది, మర్నాడు మెయిలు దానంతటదే తెరుచుకునేది. నిన్న ఆ విండో మూయడం కూడా మరిచిపోయింది. ఇప్పుడు పాస్‌వర్డ్ గుర్తులేదు. బాపట్లలో ఒక కాలేజీవాళ్ళు లెక్చరరు ఇంటర్వ్యూ తేదీ మెయిల్లోనే పంపుతామన్నారు. నా కొట్లోంచి ఫోన్ చేస్తే, "పంపేశామమ్మా, చూసుకోండి" అని పెట్టేశారు.

"నిన్న తెరిచి ఉన్నప్పుడు మీ కంట పడలేదా మాస్టారూ?" అన్నాను.

"ఏదో ఉంది. చదవలేదు." ఆయన గొంతు తగ్గింది. "చదివుంటే ఈ పిల్లకి ఈ తిప్పలు తప్పేవి."

మర్నాడు వైదేహికి బళ్ళో సెలవు దొరకలేదు. సంజీవరావు గారు నెట్ సెంటరుకి తాళం వేసి, ఆమె దరఖాస్తు నంబరు పట్టుకుని బాపట్ల రైలెక్కారు. కాలేజీ ఆఫీసులో కుదరదన్నారు. ఆయన అక్కడే బెంచీ మీద కూర్చున్నారు. పదింటి నుంచి మూడింటిదాకా లేవలేదు. చివరికి గుమాస్తాకే విసుగొచ్చి తేదీ రాసిచ్చాడు.

సాయంత్రం చెమటలు కక్కుతూ వచ్చి, ఎదురుచూస్తున్న వైదేహి చేతిలో అంటించిన కవరు పెట్టారు.

"ఎప్పుడండీ ఇంటర్వ్యూ?" అన్నాను.

"నాకేం తెలుసు? ఆ గుమాస్తా చేతే కవర్లో పెట్టించి అంటించాను. అది ఆవిడ ఉత్తరం."

వైదేహి కవరు చించింది. "రేపు పొద్దున పదింటికండి!"

"రేపేనా!" ఆయన అదిరిపడ్డారు. "నేను బాపట్ల స్టేషన్లో తీరిగ్గా కాఫీ తాగి, ఒక రైలు వదిలేసి మరీ వచ్చానే!"

ఇంటర్వ్యూ ఎలా జరిగిందో ఆయన ఎవర్నీ అడగలేదు. కాకపోతే ఆ తర్వాత నాలుగు రోజులూ బాపట్ల వైపు నుంచి రైలు కూత వినబడితే చాలు, వీధిలోకి వచ్చి నిలబడేవారు. ఐదోరోజు వైదేహి మిఠాయి పొట్లంతో వచ్చింది.

"బాబాయ్ గారూ, వచ్చిందండి!"

"ఏంటమ్మా వచ్చింది?" అన్నారాయన, అప్పటికే ఒక మిఠాయి నోట్లో వేసుకుని.