దుప్పి తిన్న క్యారెట్

ఇరవై రెండేళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి వెర్నా గోడెట్. మోకాళ్లు మొరాయించి బస్సు మానేశాక, డార్ట్‌మత్ ఊళ్లో మా బుల్లి గేముల కంపెనీలో చేరింది. ఉన్నదే ముగ్గురం. కోడు రాసే ఆంబ్రోస్, జోకులు రాసే నేను, మా ఇద్దరి తప్పులూ పట్టే వెర్నా. "పిల్లలు ఏ వెధవ పని చేస్తారో మీకు తెలీదు, నాకు తెలుసు" అని చెప్పి ఉద్యోగం అడిగింది. వెంటనే ఇచ్చేశాం.

మా ఆటలో మతిమరుపు పోస్ట్‌మాన్ ఒకడు ఊళ్లోని తిక్క మనుషులతో వేగుతుంటాడు. ఏటా చలికాలంలో ఒక కొత్త భాగం ఉచితంగా వదులుతాం. అందులో దొరికిన ప్రతి వస్తువునీ కనిపించిన ప్రతివాడికీ ఇచ్చి చూడటం వెర్నా పని. గొడుగు పిల్లికిస్తుంది, చెప్పు చెరువులో వేస్తుంది. అన్నీ అయ్యాక "సరే" అంటుంది. ఆ మాట పడ్డాక ఇక ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదని మాలో కట్టుబాటు.

పోయినేడు ఆమె సరే అన్న భాగం, ఆటగాళ్లు సగంలో ఆపి దాచుకున్న ఆటలన్నీ చెరిపేసింది. జనం దుమ్మెత్తిపోశారు. వెర్నా వారం రోజులు సరిగా తిండి తినలేదు. "ఇంకోసారి నా మాట తప్పయితే ఆఫీసు తాళంచెవి ఇచ్చేసి పోతాను" అంది. ఆమె అన్నంత పనీ చేసే రకం.

ఈ డిసెంబరులో ఒక సోమవారం పొద్దున పదింటికి మంచు భాగం విడుదల చేశాం. పదకొండున్నరకి వెర్నా ఓట్‌కేక్ బిస్కెట్టు కొరుకుతూ సరదాగా ఆడుతోంది. మంచుమనిషికి ముక్కుగా పెట్టాల్సిన క్యారెట్‌ని దుప్పికిచ్చింది. దుప్పి కరకరా నమిలి మింగేసింది. ఆటలో ఉన్నది ఆ ఒక్క క్యారెట్టే. ముక్కు లేనిదే మంచుమనిషి దారి వదలడు. ఇక ఆటగాడు ముందుకు పోలేడు, అంతే.

"శుక్రవారం నేనిస్తే వద్దందే ఈ దుప్పి!" అంది వెర్నా. తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది. "వయసైపోయింది నాయనా. చూశాననుకున్నాను, చూడలేదేమో. బుర్ర పనిచేయట్లేదు." కోటు తొడుక్కోసాగింది.

శుక్రవారం ఆమె సరే అన్నాక, ఇంటికి పోబోతూ ఆటలో దుప్పి క్యారెట్ తినేసేలా మార్చింది నేనే. నవ్వొచ్చింది, పెట్టేశాను. బుద్ధి గడ్డి తింది! నోరు మూసుకుంటే నా తప్పు ఎవరికీ తెలీదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఆలోచన కూడా వచ్చింది.

"కూర్చోండి వెర్నా. మీరు సరిగ్గానే చూశారు. మీరు సరే అన్నాక ఆ జోకు పెట్టింది నేను."

"నీ జోకులు తగలెయ్య!" అని ఆంబ్రోస్ తల పట్టుకున్నాడు.

వెర్నా ఒక చెయ్యి కోటులోనే ఉంచి నిలబడిపోయింది. "అయితే నా బుర్ర బాగానే ఉందా?"

"బంగారంలా ఉంది."

కూలబడి కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత నాకు పడ్డాయి చూడండి చీవాట్లు! "నా బస్సులో అయితే ఏడాదంతా నా వెనక సీట్లో కూర్చోబెట్టేదాన్ని రా నిన్ను! పక్కవాడి తిండి తిన్నవాడు తన టిఫిన్ డబ్బా ఇచ్చుకోవాల్సిందే అక్కడ."

"అయితే దుప్పి ఏమిచ్చుకోవాలి?" అన్నాడు ఆంబ్రోస్.

"ముక్కు తిన్నది కదా, ముక్కే ఇవ్వాలి."

రెండు గంటలు తల ఎత్తలేదు మేం. దుప్పి మంచుమనిషి వెనక నక్కి, వాడి మొహంలోంచి తన ముక్కు బయటికి పెట్టేలా చేశాం. వెర్నా దాన్ని నలభైసార్లు ఆడి సరే అంది. అప్పటికి వచ్చిన ఫిర్యాదులు మూడే. ఆ ముగ్గురూ సాయంత్రానికి దుప్పి ముక్కు చూసి నవ్వలేక చచ్చామని రాశారు. అమ్మయ్య! ఆ రోజుకి మా ముగ్గురికీ ఊపిరాడింది.

బల్లమీద తాళంచెవి పొద్దున పెట్టినచోటే ఉంది. వెళుతూ వెర్నా దాన్ని జేబులో వేసుకుంది. నా కీబోర్డు తీగ పీకి సంచిలో పెట్టుకుంది.

"సరే అనేశాను కదా, రేపు తలుపు నేనే తీస్తాను. అప్పుడిస్తాను నీ తీగ."