మా ఇంటిపేరు బెల్లంకొండ

నరసరావుపేట బస్టాండులో బెల్లంకొండ బోర్డు కనబడితే ఇప్పటికీ నా ప్రాణం అదోలా అయిపోద్ది. అది నా పుట్టింటి ఇంటిపేరు. ఆధార్ కార్డులోకి మొగుడి ఇంటిపేరు వచ్చి కూర్చున్నా నాకు మాత్రం అదే నా పేరు.

బెల్లంకొండ ఊళ్ళో ఆ ఇంటిపేరోళ్ళు పెద్దగా ఉండరంట. ఊరొదిలి వచ్చినోళ్ళనే గదా జనం ఆ ఊరి పేరు పెట్టి పిలిచేది, అనేవాడు నాన్న.

నేను డిగ్రీ చదివేటప్పుడు మా మేడమీద గదిలోకి ఓ రైల్వే ఉద్యోగి అద్దెకొచ్చాడు. నడికుడి నుంచి బదిలీ. నాన్న ఇంటిపేరు అడిగితే బెల్లంకొండ అన్నాడు. కులమూ మాదే. ఇక మా నాన్న సంబరం చూడాలి! అమ్మని కేకేసి కాఫీ పెట్టించి, నన్ను పిలిచి అన్నయ్య అని చూపించాడు. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళ వరసే, మా వైపు ఇంకో మాట లేదు. నాకు తోడబుట్టినోళ్ళు లేరు. ఆ లోటు తీరిందని వీధంతా చెప్పుకున్నాడు.

నాకేమో ఒళ్ళు మండిపోయింది. చూడగానే నచ్చాడు మరి. అన్నయ్యా అని ఒక్కనాడూ పిలవలా. ఆయనా చెల్లెమ్మా అనలా. ఇవేం పాడు ఆలోచనలని నన్ను నేనే తిట్టుకుని, నాన్న తెచ్చిన మాచర్ల సంబంధానికి తలూపా.

శుభలేఖలు పంచాక, మేడమీదాయన్నీ తీసుకుని అందరం కోటప్పకొండ వెళ్ళాం. మోకాళ్ళ నొప్పులని నాన్న కిందే కూర్చున్నాడు. అమ్మ ప్రదక్షిణలు చేస్తోంది. పూజారి గోత్రం అడిగితే ముందు నేను చెప్పా. తర్వాత నా పక్కన నిలబడ్డ ఆయన చెప్పింది వేరే గోత్రం. ఒకే ఊరొదిలి వచ్చినంత మాత్రాన రెండిళ్ళోళ్ళు అన్నాచెల్లెళ్ళు అయిపోతారా! ఆ ముక్క మా ఇంట్లో ఒక్కరికీ తట్టలా.

బయటికొచ్చాక, మన గోత్రాలు వేరని ముందే తెలుసా అని నిలదీశా. వచ్చిన వారానికే మా గోత్రం నాన్న నోట విన్నాడంట. మరి చెప్పలేదేం అంటే తలొంచుకున్నాడు.

"మీ నాన్న నన్ను కొడుకన్నాడు. మా అమ్మానాన్న పోయాక నన్నట్టా అన్నోళ్ళు లేరు."

తిడదామనుకున్నా. ఏడుపొచ్చింది.

కిందికి దిగేసరికి నాన్న మాకు చెరుకురసం చెప్పి కూర్చున్నాడు. మా ఇద్దర్నీ పక్కపక్కన చూసి ఆయన మొహం వెలిగిపోయింది.

"పుట్టింటి చీర మీ అన్న చేతే పెట్టిస్తానమ్మా," అన్నాడు.

సరే నాన్నా అన్నా.